జి20 ఆర్థిక మంత్రులకు బహిరంగ లేఖ: రియోలో ఇచ్చిన మాటకు రేటెంత, గడువెప్పుడు?

గౌరవనీయులైన ఆర్థిక మంత్రులకు,

నమస్కారం.

2024 జూలైలో రియో డి జెనీరోలో మీరంతా కలిసి ఒక ప్రకటన విడుదల చేశారు. పన్నుల విషయంలో ఏ దేశం అధికారం ఆ దేశానిదేనని ఒప్పుకుంటూనే, అత్యంత సంపన్నుల మీద పన్ను నిజంగా పడేలా చూసేందుకు కలిసి పనిచేస్తామని అందులో రాశారు. ఆ నవంబరులో అదే నగరంలో కలుసుకున్న మీ దేశాధినేతలు కూడా ఆ మాటను తమ ప్రకటనలో చేర్చారు. ప్రపంచ ఉత్పత్తిలో సింహభాగం మీ దేశాలదే. అలాంటి దేశాలన్నీ ఒకే కాగితం మీద ఆ మాట రాయడం చిన్న విషయం కాదు. కానీ ఆ మాటకు ఇప్పటికీ ఒక రేటు లేదు, గడువు లేదు, ఏ దేశం ఏం చేయాలన్న స్పష్టత లేదు. వాటిని అడగడానికే ఈ లేఖ.

నేను జీతాల లెక్కలు చూసే ఉద్యోగిని. నెలనెలా వందల మంది పే స్లిప్పులు నా చేతి మీదుగా వెళ్తాయి. మూల వేతనం, దాని కింద అలవెన్సులు, ఆ కింద కోతలు. ఆ కోతల్లో అందరి కళ్లూ ముందు వెతికేది ఆదాయపు పన్నునే. ఖాతాలో జీతం పడకముందే పన్ను విడిగా తీసి పక్కన పెట్టేస్తాం. ఓవర్‌టైమ్ చేస్తే ఆ గంటల మీదా పన్ను పడుతుంది, బోనస్ వస్తే బోనస్ మీదా పడుతుంది. "ఈ నెల ఇంత కట్ అయిందేమిటి?" అని ఎవరైనా వస్తే, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించడం నా పని. చూస్తారు, ఒకసారి నిట్టూరుస్తారు, వెళ్లిపోతారు. పన్ను వచ్చే ఏడాది కడతామనే వీలు వాళ్లకు లేదు. తమకు వచ్చింది ఇంకా ఆదాయం కాలేదని చెప్పే వీలు అసలే లేదు.

ఆ వీలు పైవాళ్లకు ఉంది. చట్టప్రకారమే ఉంది.

ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకరికి ఒక కంపెనీలో వెయ్యి కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఉన్నాయనుకుందాం. ఏడాదిలో షేరు ధర పది శాతం పెరిగింది. అంటే ఆయన సంపద వంద కోట్ల డాలర్లు పెరిగింది. షేర్లు అమ్మలేదు కాబట్టి చాలా దేశాల చట్టాల్లో అది ఆదాయం కాదు, దాని మీద పన్ను లేదు. కంపెనీ నుంచి ఆయన నామమాత్రపు జీతం తీసుకుంటారు. కంపెనీ డివిడెండ్ (వాటాదారులకు పంచే లాభం) ఇవ్వకుండా లాభాన్ని వ్యాపారంలోనే ఉంచేస్తుంది, కాబట్టి ఆ దారిలోనూ ఆదాయం లేదు. మరి ఇల్లు కొనడానికి, ఖర్చులకు డబ్బెలా? షేర్లను తాకట్టు పెట్టి బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటారు. అప్పు ఆదాయం కాదు, దాని మీదా పన్ను లేదు. షేరు ధర పెరిగే వేగం కంటే వడ్డీ తక్కువగా ఉన్నంత కాలం, పాత అప్పును కొత్త అప్పుతో తీరుస్తూ పోవచ్చు. ఆయన చనిపోయాక షేర్లు వారసులకు వస్తాయి. అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో, చనిపోయిన రోజున ఉన్న ధరనే వారసుల కొనుగోలు ధరగా లెక్కిస్తారు. దాంతో ఒక జీవితకాలంలో పెరిగిన లాభమంతా ఆదాయపు పన్ను లెక్కలోంచి శాశ్వతంగా మాయమైపోతుంది. ఈ పద్ధతికి అక్కడి పన్ను నిపుణుల్లో ఒక వాడుక పేరు కూడా ఉంది: కొను, అప్పు తెచ్చుకో, చనిపో.

యూరప్‌లో దారి కొంచెం వేరు. అక్కడ ఎక్కువగా వాడేది హోల్డింగ్ కంపెనీని, అంటే వేరే కంపెనీల షేర్లను తన పేరు మీద ఉంచుకునే కంపెనీని. కంపెనీ ఇచ్చే డివిడెండ్ యజమాని చేతికి రాకుండా ఆయన సొంత హోల్డింగ్ కంపెనీకి వెళ్తుంది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్లే డివిడెండ్ మీద దాదాపు పన్ను ఉండదు. డబ్బు అక్కడే ఉండి మళ్లీ పెట్టుబడిగా మారుతుంది. వ్యక్తిగత రిటర్నులో మాత్రం ఆయన ఆదాయం చిన్నగా కనిపిస్తుంది.

ఇక్కడ ఎవరినీ దొంగ అనడం నా ఉద్దేశం కాదు. ఇవన్నీ మీ చట్టాలు తెరిచి ఉంచిన దారులే, కాబట్టి వాటిని మూయాల్సిందీ మీరే.

ఈ దారుల ఫలితం ఏమిటో ఇప్పుడు అంకెల్లో తెలుసు. 2021లో ప్రోపబ్లికా అనే అమెరికన్ వార్తా సంస్థ అక్కడి పన్ను రికార్డులను పరిశీలించింది. 2014 నుంచి 2018 వరకు ఆ దేశపు 25 మంది అత్యంత సంపన్నుల సంపద కలిపి 40,100 కోట్ల డాలర్లు పెరిగితే, ఆ ఐదేళ్లలో వాళ్లు కట్టిన కేంద్ర ఆదాయపు పన్ను 1,360 కోట్ల డాలర్లు. పెరిగిన సంపదలో 3.4 శాతం. ఫ్రాన్స్‌లో ఆర్థికవేత్తలు 2016 నాటి లెక్కలు తీసి చూస్తే, ఆదాయం పెరిగే కొద్దీ పన్ను భారం కూడా పెరుగుతూ పై 0.1 శాతం కుటుంబాల దగ్గర 46 శాతానికి చేరింది. అక్కడి నుంచి కిందికి దిగడం మొదలుపెట్టి, అందరికంటే పైనున్న 75 కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి 26 శాతానికి పడిపోయింది. ప్రపంచంలోని అత్యంత సంపన్నుల్లో ఒకరైన అమెరికన్ పెట్టుబడిదారు వారెన్ బఫెట్ అయితే 2011లో స్వయంగా పత్రికలో రాశారు: పన్ను లెక్కకు వచ్చే ఆదాయంలో తాను కట్టింది 17.4 శాతమేనని, తన ఆఫీసులో పనిచేసే మిగతా 20 మందీ తనకంటే ఎక్కువ శాతమే కట్టారని. ఆయన చెప్పింది పన్ను రిటర్నులో కనిపించే ఆదాయం గురించి మాత్రమే. కనిపించని పెరుగుదలను కూడా కలిపితే ఆ శాతం ఇంకెంత తగ్గుతుందో ఆలోచించండి.

ధనవంతులు ఎక్కువ పన్ను కట్టాలా వద్దా అనే చర్చ ఎప్పుడొచ్చినా మాటలు రేటు చుట్టూనే తిరుగుతాయి. 30 చాలా? 40 చేద్దామా? 50 మరీ ఎక్కువా? ఆదాయమే కనిపించని చోట ఆదాయపు పన్ను రేటు ఎంత పెంచినా ఏం లాభం? పెంచిన రేటు ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు. పెద్ద జీతం తీసుకునే డాక్టరు మీద, ఇంజినీరు మీద, కంపెనీ మేనేజరు మీద పడుతుంది. వాళ్ల ఆదాయం పూర్తిగా స్లిప్పులో ఉంటుంది కాబట్టి. వాళ్లు ఇప్పటికే దండిగా కడుతున్నారు. పై ఒక శాతం మందే ఆదాయపు పన్నులో పెద్ద భాగం కడుతున్నారని మీ శాఖల లెక్కలు చూపిస్తే అది నిజమే. కానీ ఆ ఒక శాతంలో ఎక్కువ మంది ఇలాంటి జీతగాళ్లు, వృత్తి నిపుణులే. వాళ్లు కట్టే పన్నును చూపించి, వాళ్లకంటే వెయ్యి మెట్లు పైనున్నవాళ్లను వెనకేసుకురావడం న్యాయం కాదు.

ఒట్టి రేటును నమ్ముకుంటే ఏమవుతుందో చరిత్రలో ఉంది. అమెరికాలో 1944లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 94 శాతం. భారతదేశంలో 1973-74లో సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. నూటికి రెండు పైచిలుకు మాత్రమే మిగిలే చోట నిజాయితీగా లెక్క చూపించేవారు ఎంతమంది ఉంటారు? పన్ను ఎగవేతకు ఈ రేట్లే ముఖ్య కారణమని, 75 శాతానికి తగ్గించాలని భారత ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ 1971లోనే చెప్పింది. తర్వాత రేటు తగ్గించక తప్పలేదు. అడుగున చిల్లి ఉన్న కుండలో ఎన్ని బిందెలు పోసినా నిలవనట్టే, లొసుగులు అలాగే ఉంచి రేటు పెంచితే ఖజానాలోనూ ఏమీ నిలవదు.

భారతదేశం సంపద పన్ను కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీలో చాలామంది సంపద పన్ను మాటెత్తగానే "అదెక్కడా పనిచేయలేదు" అంటారు. 1956లో కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ భారత ప్రభుత్వం కోరిక మీద పన్నుల వ్యవస్థ గురించి ఒక నివేదిక ఇచ్చారు. సంపద మీద, మూలధన లాభాల మీద, బహుమతుల మీద, ఖర్చు మీద పన్ను వేయండి, అవి ఒకదాన్నొకటి కాపలా కాస్తాయి అన్నారు. వాటితోపాటు ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి దించమన్నారు. ప్రభుత్వం కొత్త పన్నులైతే తెచ్చింది, పాత రేటును మాత్రం దించలేదు. 1957లో సంపద పన్ను మొదలైంది. 1990ల మొదట్లో దాని పరిధి నుంచి షేర్లను, ఇతర ఆర్థిక పెట్టుబడులను తీసేశారు. మిగిలింది అదనపు ఇల్లు, నగలు, కారు, ఖాళీ స్థలం, చేతిలో ఉన్న నగదు లాంటివి. దేశంలో అందరికంటే ధనవంతుల సంపద ఉన్నదే షేర్లలో. దాన్ని వదిలేశాక సంపద పన్నుకు దొరికిందేమిటి? 2013-14లో దేశం మొత్తం మీద వసూలైంది 1,008 కోట్ల రూపాయలు. ఇంత తక్కువ వస్తోందని, వసూలుకు ఖర్చు ఎక్కువని 2015 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేశారు. రద్దు చేసేటప్పుడు చెప్పిన అంకె నిజమే. అంత తక్కువ రావడానికి కారణం మాత్రం అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇచ్చిన మినహాయింపు.

ఇదే కథ యూరప్‌లో కూడా కనిపిస్తుంది. 1997లో స్వీడన్ తన సంపద పన్ను నుంచి పెద్ద కంపెనీల ప్రధాన వాటాదారులకు మినహాయింపు ఇచ్చింది, 2007లో పన్నునే ఎత్తేసింది. ఫ్రాన్స్‌లో పాత సంపద పన్ను 13 లక్షల యూరోల ఆస్తి ఉన్నవారి మీదే పడేది, కానీ యజమాని నడిపే వ్యాపారంలోని వాటాను అందులో లెక్కించేవారు కాదు. మంచి ప్రాంతంలో పాత ఇల్లున్న రిటైరైన దంపతులు కట్టారు, పెద్ద కంపెనీల అధిపతులు తప్పించుకున్నారు. 2018లో దాన్ని తీసేసి స్థిరాస్తి పన్నుగా మార్చారు. అభివృద్ధి చెందిన దేశాల్లో 1990 నాటికి 12 చోట్ల సంపద పన్ను ఉండేది, 2017 నాటికి నాలుగే మిగిలాయి. ముందు పెద్దవాళ్లకు మినహాయింపు, తర్వాత మధ్యలో ఉన్నవారి మీద భారం, ఆ తర్వాత వాళ్ల కోపం, చివరకు "దీనివల్ల వచ్చేదేమీ లేదు" అని రద్దు. ఈ వరస ఇన్ని చోట్ల నడిచాక, మళ్లీ వేసే పన్ను దీనికి తలకిందులుగా ఉండాలని ఎవరికైనా తడుతుంది. పరిమితి చాలా పైన ఉండాలి. రేటు తక్కువ ఉండాలి. మినహాయింపు ఒక్కటి కూడా ఉండకూడదు.

ఆ ఆకారంలో ఉన్న ప్రతిపాదన మీ బల్ల మీదే ఉంది. బ్రెజిల్ జి20కి అధ్యక్షత వహించిన ఏడాదే, ఆ దేశం అడిగితే ఆర్థికవేత్త గాబ్రియెల్ జుక్‌మన్ దాన్ని తయారుచేసి ఇచ్చారు. వంద కోట్ల డాలర్లకు పైగా సంపద ఉన్నవారు ఏటా తమ సంపదలో కనీసం 2 శాతం పన్నుగా కట్టాలి. ఇప్పటికే కడుతున్న ఆదాయపు పన్ను ఆ 2 శాతానికి సరిపోతే అదనంగా కట్టాల్సింది ఏమీ లేదు. తక్కువైతే ఆ తేడా కట్టాలి, అంతే. ప్రపంచం మొత్తం మీద దీని పరిధిలోకి వచ్చేది సుమారు 3,000 మంది. వచ్చే ఆదాయం ఏటా 20,000 నుంచి 25,000 కోట్ల డాలర్లని ఆయన అంచనా. ఇప్పుడు వీళ్లు కడుతున్న వ్యక్తిగత పన్ను వాళ్ల సంపదలో 0.3 శాతం దగ్గర ఉంటుందని అదే నివేదిక చెబుతోంది. పది శాతం పెరిగే సంపద మీద రెండు శాతం పడితే, ఆ సంపద ఇంకా ఎనిమిది శాతం పెరుగుతూనే ఉంటుంది. దీన్ని శిక్ష అనడం నాకు అర్థం కాదు.

కష్టపడి సంపాదించుకున్నారు కదా అనేవారున్నారు. చాలామంది కష్టపడ్డారు, ఒప్పుకుంటాను. వాళ్ల కంపెనీల ఒప్పందాలను నిలబెట్టే కోర్టులు, సరుకు తిరిగే రోడ్లు, వాళ్ల దగ్గర పనిచేసేవారికి చదువు చెప్పిన బడులు అందరి పన్నుతో నడిచాయి. అందులో రాత్రి షిఫ్టు చేసినవాళ్ల పన్ను కూడా ఉంది. ఈ విషయం మీద ఇంతకంటే వాదన అవసరం లేదనుకుంటాను.

విలువ కట్టడం సాధ్యం కాదనే వాదన నా పనికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని మీద గట్టిగా మాట్లాడగలను. మార్కెట్లో నమోదైన షేరు ధర ప్రతి సాయంత్రం అందరికీ తెలుస్తుంది. నమోదు కాని కంపెనీ వాటాకు కూడా బ్యాంకు అప్పిచ్చేటప్పుడు విలువ కడుతుంది, భాగస్వాములు విడిపోయేటప్పుడు కడతారు, విడాకుల కేసుల్లో కోర్టులు కడతాయి, వారసత్వ పన్ను ఉన్న దేశాల్లో అధికారులు కడతారు. తాకట్టు పెట్టడానికి పనికొచ్చే విలువ పన్ను వేయడానికి ఎందుకు పనికిరాదు?

అమ్మని ఆస్తి మీద పన్ను ఏమిటనే ప్రశ్న కూడా తరచూ వస్తుంది. సొంత ఇల్లున్న మామూలు మనిషి చాలా దేశాల్లో ఏటా ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాడు. ఇల్లు అమ్మలేదు కదా అని ఎవరూ అతన్ని వదిలిపెట్టలేదు. ఉద్యోగం పోయిన ఏడాది కూడా ఆ నోటీసు ఆగదు. అయితే ఈ అభ్యంతరంలో ఒక నిజం ఉంది. కాగితం మీద కంపెనీ విలువ కొండంత ఉండి, చేతిలో నగదు లేని యువ వ్యాపారులు ఉంటారు. వాళ్ల టెన్షన్ నిజమైనదే. వాయిదాల్లో కట్టే వీలు, నగదు బదులు షేర్లే ఇచ్చే వీలు చట్టంలో పెట్టొచ్చు. పరిమితి వంద కోట్ల డాలర్ల దగ్గర ఉంటే అలాంటివారు ఎలాగూ బహు కొద్దిమందే ఉంటారు.

అన్నింటికంటే ఎక్కువగా భయపెట్టే మాట వలస. పన్ను వేస్తే డబ్బున్నవాళ్లు దేశం వదిలిపోతారని. దీన్ని కొట్టిపారేయలేను. నార్వే 2022లో సంపద పన్ను పెంచాక అక్కడి పెద్ద సంపన్నులు కొందరు నిజంగానే స్విట్జర్లాండ్ వెళ్లిపోయారు. ఆ కథలో సాధారణంగా చెప్పకుండా వదిలేసే ముక్కలు కొన్ని ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో కూడా సంపద పన్ను ఉంది, అక్కడి ప్రతి కాంటన్ (రాష్ట్రం) దాన్ని వసూలు చేస్తుంది. నార్వే చేతులెత్తేయలేదు. దేశంలో ఉండగా పెరిగిన లాభం మీద పన్ను కట్టకుండా వెళ్లడానికి వీల్లేకుండా నిష్క్రమణ పన్నును 2024లో బిగించింది. వెంటనే కట్టలేనివారికి 12 ఏళ్ల గడువు ఇచ్చింది. 2025 సెప్టెంబరు ఎన్నికల్లో సంపద పన్నే పెద్ద చర్చ అయింది. దాన్ని ఉంచుతామన్న లేబర్ పార్టీనే మళ్లీ అధికారంలోకి వచ్చింది. అమెరికా అయితే ఎప్పటి నుంచో తన పౌరులు ఎక్కడున్నా పన్ను అడుగుతుంది. పౌరసత్వం వదులుకునే పెద్ద సంపన్నుల దగ్గర 2008 నుంచి నిష్క్రమణ పన్ను కూడా తీసుకుంటోంది. అంటే మనిషి వెళ్లిపోవడాన్ని ఆపలేకపోయినా, పన్ను కూడా అతనితో పాటు వెళ్లిపోకుండా ఆపొచ్చు.

ఇంకో మాట. అమెరికా రాష్ట్రాల మధ్య కోటీశ్వరుల వలసను పరిశోధించిన సామాజిక శాస్త్రవేత్త క్రిస్టొబాల్ యంగ్, వాళ్లు మామూలు జనం కంటే తక్కువగానే ఊళ్లు మారతారని లెక్క తేల్చారు. వాళ్ల వ్యాపారం, పరిచయాలు, కుటుంబం అన్నీ ఒకచోట పాతుకుపోయి ఉంటాయి. భయం ఉన్నంత, వలస ఉండదు.

పదేళ్ల క్రితం కంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆయుధాలు కూడా ఎక్కువ. ఒకప్పుడు విదేశీ బ్యాంకులో డబ్బు దాస్తే సొంత దేశానికి తెలిసే దారే ఉండేది కాదు. 2017 నుంచి బ్యాంకు ఖాతాల సమాచారాన్ని దేశాలు ఆటోమేటిగ్గా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఇప్పుడు అందులో వందకు పైగా దేశాలున్నాయి. బ్యాంకు రహస్యం చెదరదని, స్విస్ బ్యాంకులు నోరు విప్పవని నిపుణులే అన్న రోజులు గుర్తు చేసుకోండి. మీరంతా కలిసి గట్టిగా అడిగితే విప్పాయి. 2021లో పెద్ద కంపెనీల మీద కనీసం 15 శాతం పన్ను ఉండాలని 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. 2024 నుంచి యూరోపియన్ యూనియన్‌లోని చాలా దేశాల్లో, బ్రిటన్, జపాన్, దక్షిణ కొరియాల్లో అది అమల్లోకి వచ్చింది. 2025లో అమెరికన్ కంపెనీలను అందులోంచి మినహాయించేందుకు జి7 అనే ఏడు సంపన్న దేశాల కూటమి ఒప్పుకోవడం నాకు బాధ కలిగించింది. అయినా ఆ ఒప్పందం చెప్పే విషయం ఒకటుంది: మిగతా దేశాలు కట్టించుకుంటున్నాయి. అందరూ వచ్చేదాకా ఎవరూ కదలకూడదనే నియమం ఎక్కడా లేదు.

ఫ్రాన్స్‌లో జరిగింది మీకు తెలిసిందే. 10 కోట్ల యూరోలు దాటిన సంపద మీద 2 శాతం కనీస పన్నుకు 2025 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ సభ ఓటేసింది. జూన్‌లో సెనేట్ తిరస్కరించింది. అక్టోబరులో బడ్జెట్ చర్చలో మళ్లీ వస్తే ఈసారి జాతీయ సభే కాదంది. అన్నిసార్లూ వినిపించిన పెద్ద అభ్యంతరాల్లో ఒకటి: మిగతా దేశాలు వేయకుండా మనం ఒక్కరమే వేస్తే డబ్బు పారిపోతుంది. ఒక పార్లమెంటు తనంతట తాను ఆ అభ్యంతరాన్ని తీర్చలేదు. మీరు తీర్చగలరు. మీలో ఏడెనిమిది దేశాలు ఒకే ఏడాది ఒకే రేటు పెడితే ఆ మాటకు సగం బలం పోతుంది.

ఇక నేను అందరికంటే గౌరవించే అభ్యంతరం ఒకటుంది. ప్రభుత్వానికి ఎంతిచ్చినా వృథా చేస్తుంది, ఇంకా ఎందుకివ్వాలి? ఇది ధనవంతులు మాత్రమే అనే మాట కాదు. నా దగ్గరికి స్లిప్పు పట్టుకుని వచ్చేవాళ్లు కూడా అంటారు. వాళ్లకు నేను జవాబు చెప్పలేను, మీరే చెప్పాలి. ఒక మంచి దారి అమెరికాలోని మసాచుసెట్స్ చూపించింది. ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద అదనంగా 4 శాతం పన్నుకు 2022లో అక్కడి ప్రజలు ఓటేశారు. ఆ డబ్బు విద్యకు, రవాణాకు మాత్రమే వాడాలని రాజ్యాంగ సవరణలోనే రాసుకున్నారు. మొదటి పూర్తి ఆర్థిక సంవత్సరంలోనే 200 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. బడి పిల్లలందరికీ ఉచిత భోజనానికి, కమ్యూనిటీ కాలేజీల్లో ఉచిత చదువుకు అందులోంచి ఖర్చు పెట్టారు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లింది అనేది ఆ రాష్ట్రంలో ఎవరైనా చూసుకోవచ్చు. సంపన్నుల పన్నుకు ఇలాంటి విడి ఖాతా పెట్టి ఏటా లెక్క బయటపెడితే, సగం అనుమానం అక్కడే పోతుంది. బయటపెట్టడానికి సిద్ధంగా లేని ప్రభుత్వానికి ఈ పన్ను అడిగే నైతిక హక్కు తక్కువేనని కూడా నిర్మొహమాటంగా చెబుతున్నాను.

కాబట్టి నేను కోరేది ఇది. మీ తర్వాతి సమావేశం అజెండాలో రియో ప్రకటన అమలును ఒక ప్రత్యేక అంశంగా పెట్టండి. వంద కోట్ల డాలర్ల పైన సంపదకు 2 శాతం కనీస పన్ను అనే ప్రతిపాదన మీద ఏ దేశం ఔనంటోంది, ఏది కాదంటోంది, ఎందుకు అనేది పేరుపేరునా బయటపెట్టండి. ప్రతిపాదన వచ్చినప్పుడే అమెరికా ఉమ్మడి పన్నుకు సుముఖంగా లేనని చెప్పింది. దానితో నేను ఏకీభవించను, కానీ చాటుగా కాకుండా బాహాటంగా చెప్పినందుకు మెచ్చుకుంటాను. ఔనన్న దేశాలు ఒకే తేదీన మొదలుపెట్టండి, నిష్క్రమణ పన్నును ఒకే తీరులో రాసుకోండి. కంపెనీల వెనక, ట్రస్టుల వెనక ఉన్న అసలు యజమాని ఎవరో తెలిపే రిజిస్టర్లను ఒకరికొకరు తెరిచి ఇవ్వండి, ఎందుకంటే యజమాని తెలియని ఆస్తి మీద ఏ చట్టమూ పనిచేయదు. ఇప్పుడు ఎక్కువగా ఆర్థిక ఖాతాల చుట్టూనే తిరుగుతున్న సమాచార మార్పిడిలోకి భూములు, భవనాలు కూడా తీసుకురండి. షేర్లు తాకట్టు పెట్టి తెచ్చే భారీ అప్పుల వివరాలు పన్ను శాఖకు వెళ్లేలా బ్యాంకులకు చెప్పండి. చనిపోగానే లాభం మాయమయ్యే నియమం మీలో ఎవరి చట్టంలో ఉన్నా, దాన్ని తీసేయడానికి పక్క దేశం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

చివరిగా, మీ మీ దేశాల్లో పై వంద కుటుంబాలు తమ సంపద పెరుగుదలలో ఎంత శాతం పన్నుగా కట్టాయో, పేర్లు లేకుండానే, ఏటా ఒక్క పేజీలో ప్రచురించండి. ఫ్రాన్స్ లెక్కలు బయటికి రావడానికి పరిశోధకులకు ప్రభుత్వ రికార్డులు ఇవ్వడమే సరిపోయింది. దీనికి కొత్త పన్ను అక్కర్లేదు, అంతర్జాతీయ ఒప్పందం అక్కర్లేదు, మీ సంతకం ఒక్కటి చాలు. మిగతావన్నీ తేలేలోపు ఈ పనైనా ఈ ఆర్థిక సంవత్సరంలోనే మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

గౌరవంతో,
జీతాల లెక్కలు చూసే ఒక ఉద్యోగి